హంసవేణి డిశ్చార్జి కాలేదు

సోమవారం

నర్సింగ్ బోర్డు వాళ్లు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నర్సింగ్ విద్యార్థులకూ ట్యూటర్లకూ స్థైర్యం తగ్గిపోతోందట. అందుకని 'స్థైర్యం' అనే పథకం పెట్టారు. అందులో మొదటి భాగం, ప్రతి ట్యూటరూ తన మనసులో మాట రోజూ రాసుకోవడం. నా మనసులో మాట ఏమిటంటే, ఈ పథకం పెట్టినవాళ్లందరి చేతా ఒక వారం బెడ్‌పాన్లు కడిగించాలి.

నా పేరు బొంతు సలోమి. మాది తుని. ఇక్కడి గని ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో సీనియర్ ట్యూటర్ని. ఇవాళ పాఠం కూడా బెడ్‌పానే. పాఠ్యపుస్తకంలో దాని గురించి ఒకటిన్నర పేజీ ఉంది. అది భూమ్మీద కూర్చుని రాసిన పుస్తకం. ఇక్కడ చంద్రుడి మీద బరువులన్నీ ఆరో వంతే, ఒలికినదానికి కూడా కింద పడాలన్న తొందర ఉండదు. నెమ్మదిగా తీయండర్రా, చేతిలో పసిబిడ్డ ఉన్నట్టు తీయండర్రా అని పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉన్నాను. పిల్లల్లో దీవెన గబుక్కున లాగింది. అందులో ఉన్నది రంగునీళ్లే కాబట్టి సరిపోయింది. సీలింగు మీద పచ్చటి మరక మాత్రం అలాగే ఉంది.

మొత్తం అయిదుగురు పిల్లలు. శనివారం వాళ్లకి ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. నలుగురి గురించి నాకు బెంగ లేదు. హంసవేణి గురించే. పలాస పిల్ల. చెయ్యి వేస్తే రోగికి నొప్పి తెలియదు, అంత మెత్తని చెయ్యి. ఎగ్జామినర్ చూస్తే మాత్రం ఆ చెయ్యి గజగజ వణుకుతుంది. అలా రెండుసార్లు తప్పింది. ఇది మూడోది, ఆఖరిది. తప్పినా, రాయకపోయినా ఆదివారం ఓడ ఎక్కించి ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత ఈ జన్మకి నర్సు కాలేదు.

సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు యాకోబుకి హ్యాండోవర్ చెప్పాను. యాకోబు జూనియర్ ట్యూటర్, గిద్దలూరు అబ్బాయి. హ్యాండోవర్ అంటే తెలిసిందే, దిగే నర్సు ఎక్కే నర్సుకి ఒక్కో బెడ్ సంగతీ అప్పజెప్పడం. నాలుగు బెడ్లలో నలుగురు గని కార్మికుల సంగతి చెప్పాను. ఆ ఊపులోనే పిల్లల సంగతీ చెప్పేశాను. "దీవెనకి తలనొప్పి, మాత్ర వేసుకోనంటోంది. హంసవేణికి నిద్ర సరిగ్గా లేదు. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం ఏమీ లేదు. దుప్పట్ల గదిలో ఏడుపు. కాస్త కనిపెట్టి ఉండు" అని అయిదుగురినీ వరసగా అప్పజెప్పాను.

"సరేక్కా, నేను చూసుకుంటాలే" అన్నాడు.

పక్కన అత్తగారు వింటోందని నాకు తోచలేదు.

మంగళవారం

అత్తగారంటే మా వార్డు కంప్యూటర్. దానికేదో పెద్ద పేరుంది, ఎవరూ పలకరు. గోడలన్నిటికీ చెవులు పెట్టుకుని వింటుంది, విన్నది మర్చిపోదు, అవసరమైనప్పుడు తీసి చూపిస్తుంది. అందుకని ఆ పేరు పెట్టుకున్నాం.

పొద్దున్నే పిల్లలు యూనిఫాం బీరువా తెరవబోతే తెరుచుకోలేదు. బదులుగా అయిదు రోగి గౌన్లు వచ్చాయి. వెనకాల ముడి వేసుకునే రకం. హాస్టల్ మెస్సులో ఉప్మా అడిగితే జావ వచ్చింది. వార్డులోకి వెళ్లి చూద్దును కదా, బోర్డు మీద అయిదు బెడ్లకి వీళ్ల పేర్లున్నాయి.

"వీళ్లని ఎవరు చేర్చుకున్నారు?" అని అడిగాను.

"మీరే చేర్చారు" అంది అత్తగారు. దానిది ఎప్పుడూ రేడియో వార్తల భాష. "నిన్న సాయంత్రం హ్యాండోవర్‌లో అయిదుగురి వివరాలూ అప్పగించారు. రోగి కాని వ్యక్తికి హ్యాండోవర్ ఉండదు."

అది నోరు జారి చెప్పిన మాట అన్నాను. నోరు జారి చెప్పిన హ్యాండోవర్ అంటూ ఉండదని మొన్న క్లాసులో మీరే చెప్పారు అంది. చెప్పాను. నిజమే.

"సరే, తీసెయ్."

"స్థైర్యం పథకం ప్రకారం డిశ్చార్జికి అయిదు ప్రశ్నలు అడగాలి. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఏడుపు వస్తోందా, భయం ఉందా, ఇంటి మీద బెంగ ఉందా."

నలుగురు పిల్లలు వరసగా నిలబడి నిద్ర బ్రహ్మాండం, ఆకలి బ్రహ్మాండం, భయమా, అదేమిటి అన్నట్టు చెప్పి పది నిమిషాల్లో గౌన్లు విప్పేశారు. నేను తయారుచేసిన పిల్లలు మరి. నర్సుని ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగానే ఉన్నాననడం మా దగ్గర మొదటి నెలలోనే వచ్చేస్తుంది.

హంసవేణి వంతు వచ్చింది. నిద్ర లేదంది. ఆకలి లేదంది. ఏడుపు వస్తంది అంది. బయమేస్తంది అంది. ఇంటి మీద బెంగ దగ్గరికొచ్చేసరికి ఏడ్చింది. అత్తగారు ఆ ఏడుపుని జవాబుగా తీసుకుంది.

నలుగురూ డిశ్చార్జి. హంసవేణి కాలేదు. ఇక్కడి నియమం ప్రకారం రోగి పరీక్ష రాయకూడదు.

బుధవారం

పొద్దున్నే ఆమె బెడ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అబద్ధం నేర్పడానికి. సూది వెయ్యడం నేర్పినంత ఓపిగ్గా నేర్పాను.

"నిద్ర పట్టిందా అంటే ఏమనాలి?"

"పట్టింది అనాలి."

"అను."

"ప... ఏటి మేడమ్, పట్టనేదు కదా."

"పట్టలేదని నాకు తెలుసే తల్లీ. అది అడిగితే పట్టిందను."

"రోగి అబద్ధం చెబితే మనకెలగ తెలుస్తాది, రోగం ముదిరిపోతాది అని మీరే తిడతారు కదా మేడమ్."

"నువ్వు రోగివి కాదు."

హంసవేణి తన గౌను వైపు చూసుకుంది. పక్క బెడ్‌లో లక్కన్న అనే గని కార్మికుడు కాలికి కట్టుతో పడుకుని ఇదంతా వింటున్నాడు. విజయనగరం దగ్గరివాడు. బండరాయి జారితే మడమ విరిగింది.

"ఒగ్గీయండి సిస్టరమ్మా, పాపం ఆడగుంట. అబద్దమాడ్డం అందరికీ వస్తాదేటి," అన్నాడు. "ఇదిగో, మీరు నొప్పుందా అనడిగితే నేదంతాను నాను. అది అనుబవం మీద వచ్చింది."

"నొప్పుందా ఇప్పుడు?"

"నేదు" అన్నాడు లక్కన్న. వాడి వైపు పళ్లు కొరికి వచ్చేశాను.

సాయంత్రం యాకోబు మాట్లాడి చూస్తానన్నాడు. వాడు వెళ్లి అరగంట కూర్చుని వచ్చాడు. "అక్కా, ఆ పిల్ల చెప్పేది కరెక్టే కదా" అన్నాడు. ఇంక వాణ్ని పంపడం దండగ.

గురువారం

ఇవాళ నేను చేసిన పని రాయాలంటే చిరాగ్గా ఉంది. రాస్తాను.

హ్యాండోవర్‌తో చేరింది కదా, హ్యాండోవర్‌తోనే తీసేద్దాం అనుకున్నాను. డ్యూటీ దిగేటప్పుడు గొంతు సవరించుకుని గట్టిగా చెప్పాను. "హంసవేణి. నిద్ర బాగా పట్టింది. రెండు పూటలా కడుపు నిండా తిన్నది. ఏడుపు లేదు. నవ్వుతోంది."

నవ్వవే అని సైగ చేశాను. హంసవేణి పళ్లు బయటపెట్టింది. చూడ్డానికి బాధగా ఉంది.

"ఈ హ్యాండోవర్ సరికాదు," అంది అత్తగారు. "తెల్లవారే వరకు మేలుకునే ఉంది. జావ సగం మిగిలింది. మధ్యాహ్నం తలగడలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. నిద్ర లేని, భయపడే మనిషి నర్సు పనికి పనికిరాదు."

అప్పుడు నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే ఆగదు, మా ఇంట్లో అందరికీ అంతే.

"అలా అయితే నేనూ పనికిరాను," అన్నాను. "నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో నీకేం తెలుసు. నిలబడి తినడం తప్ప కూర్చుని తిని ఎరుగుదునా. ఏడుపు కావాలా? ఆ దుప్పట్ల గదిలో ఆ పిల్ల కంటే ముందు నుంచి ఏడుస్తున్నదాన్ని నేను. ప్రతి కొత్త బ్యాచ్ దిగినప్పుడూ ఎవరి చేతిలో ఎవరు పోతారో అని భయంతో చస్తాను. ఇంటి మీద బెంగా? మా చెల్లెలి కూతురి పెళ్లి స్క్రీన్ మీద చూశాను. అయినా రోజూ పొద్దున లేచి వస్తున్నానా లేదా? ఇక్కడ ఎవరు బాగున్నామన్నా నమ్మకు. అది మాకు అలవాటైపోయిన మాట."

 

"అర్థమైంది," అంది అత్తగారు. "ధన్యవాదాలు."

బోర్డు మీద మూడో బెడ్‌కి నా పేరు వచ్చింది.

శుక్రవారం

గౌనులో రాస్తున్నాను. వెనకాల ముడి అందడం లేదు. ఇన్నేళ్లుగా రోగులకి ఈ గౌన్లు తొడిగాను, దీన్ని కుట్టినవాణ్ని ఒక్కసారి కూడా తిట్టుకోలేదు.

అత్తగారు నా మాట పట్టుకుంది. బాగానే ఉన్నాననే మాట ఇకమీదట లెక్కలోకి రాదని ప్రకటించి, నలుగురు పిల్లల్నీ మళ్లీ అడిగింది. ఈసారి నిజం చెబితే పడుకోవచ్చని పిల్లలకి తెలిసింది. దీవెన అయితే అడక్కుండానే తన బాధలన్నీ చెప్పి, చిన్నప్పటి కామెర్లు కూడా కలిపింది. నలుగురూ పడుకున్నారు, అప్పటి నుంచీ నిద్రే. డాక్టరు గారిని ఎవరూ అడగలేదు. ఆయనే వచ్చి, స్టెత్ మెడలోంచి తీసి, ఖాళీ బెడ్ చూసుకుని పడుకున్నారు.

యాకోబు ఒక్కడే మిగిలాడు. వాణ్ని అయిదు ప్రశ్నలూ రెండుసార్లు అడిగింది. వాడికి నిద్ర పడుతుందట. ఆకలి వేస్తుందట. ఏడుపు రాదట. నిజంగానే బాగున్నాడట. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

ఒక్కడు ఇందరికి ఏం చేస్తాడు? మధ్యాహ్నం ఎవరికీ తిండి రాలేదు. చివరికి లక్కన్న ఒంటికాలి మీద గెంతుకుంటూ వంటగదిలోకి పోయి గంజి కాచి తెచ్చాడు. ఇక్కడ గెంతితే మనిషి కాస్త ఎక్కువే లేస్తాడు, గంజి మాత్రం ఒలకలేదు.

"తాగండి సిస్టరమ్మా. ఉప్పు సాలకపోతే సెప్పండి, దాసిపెట్టకండి."

"బాగానే ఉంది."

"బాగానే ఉంది అన్న మాట లెక్కనోకి రాదంట కదా" అన్నాడు లక్కన్న.

ఉప్పు చాలలేదని చెప్పాను.

హంసవేణిది నా పక్క బెడ్డే. గంజి తాగుతూ మెల్లిగా అడిగింది. "మేడమ్, నిజంగా మీరూ ఆ గదిలో ఏడుస్తారా?"

"పని చూసుకో" అన్నాను. ఆమెకి పనేం లేదని తర్వాత గుర్తొచ్చింది. రేపే పరీక్ష. ఈ పిల్ల గౌనులో కూర్చుని గంజి తాగుతోంది, నేను అంతకంటే గొప్పగా ఏమీ లేను. నా నోటి వల్లే ఇదంతా జరిగింది. ఏడుపొచ్చింది. అత్తగారు గుర్తు రాసుకున్నట్టుంది.

శనివారం, సాయంత్రం

ఇవాళ చాలా జరిగింది. వరసగా రాస్తాను.

పొద్దున హంసవేణి లేచి కూర్చుని లక్కన్న కాలి వైపు చూసింది. నిన్నంతా గెంతాడు కదా, కట్టు బయట కాలి వేళ్లు నల్లబడి ఉబ్బి ఉన్నాయి. నొప్పుందా అంటే లేదంటాడు, వాడి సంగతి తెలిసిందే. ఆమె వాణ్ని అడగలేదు. బెడ్ దిగి నేరుగా వేలు నొక్కి చూసింది.

"రోగి బెడ్ దిగరాదు" అంది అత్తగారు.

"సల్లగున్నాయి," అంది హంసవేణి.  "యాకోబు సార్, తలగడలు తేండి, కాలు పైకెత్తాలి. డాక్టర్ గారూ, లెగండి. కట్టు బిగుసుకుపోయింది, కొయ్యాలి."

డాక్టరు గారు దుప్పటి లాక్కున్నారు. ఆమె ఆ దుప్పటి లాగేసింది. ఆయన లేచారు. కట్టు కోసి వదులు చేశాక కాసేపటికి వేళ్ల రంగు తిరిగింది. అప్పుడు లక్కన్న, "నిన్న రేతిరి నుంచీ నొప్పెడతంది" అని ఒప్పుకున్నాడు.

"రోగి బెడ్‌లోకి వెళ్లాలి" అని మళ్లీ అంది అత్తగారు.

నేను మూడో బెడ్ లోంచి లేచి కూర్చున్నాను. "నువ్వు ఆ పిల్లని భయం ఉందా అని అడిగావు. పని చేయగలవా అని ఎప్పుడైనా అడిగావా?"

"ఆ ప్రశ్న పథకంలో లేదు."

"నలుగురు రోగులకి ఒక నర్సు ఉండాలన్న నియమం ఉందా లేదా? యాకోబు ఒక్కడే ఉన్నాడు. మిగిలినవాళ్లని ఎక్కణ్నుంచి తెస్తావు? అడుగు."

బోర్డు మీద పేర్లన్నీ ఒకసారి వెలిగి ఆరాయి. పథకంలో లేని ప్రశ్న అత్తగారు అడిగింది, దాని చరిత్రలో ఇదే మొదటిసారి.

"హంసవేణి. భయం ఉందా?"

"ఉంది."

"పని చేయగలవా?"

హంసవేణి లక్కన్న కాలి వైపు చూసింది. "చేస్తన్నాను కదా" అంది.

యూనిఫాం బీరువా తెరుచుకున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. మిగతా నలుగురు పిల్లల్నీ అలాగే అడిగింది, అందరూ ఆవులిస్తూ చేయగలమన్నారు. డాక్టరు గారు చేయగలను గానీ సోమవారం నుంచి అన్నారు.

నన్ను అడిగే లోపే పరీక్ష వేళయింది. స్క్రీన్ మీద భూమ్మీద నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చారు. మనం ఒక మాటంటే అది అక్కడికి పోయి జవాబు వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆలస్యంలోనే హంసవేణి రెండుసార్లు తప్పింది. చీట్లు తీస్తే హంసవేణికి మూడో బెడ్ రోగి వచ్చింది. అంటే నేను.

చేత్తో బీపీ చూడడం మొదటి అంశం. గనిలో కరెంటు పోతే మిషన్లు పనిచేయవు కాబట్టి ఇది తప్పనిసరి. హంసవేణి నా చేతికి పట్టీ చుట్టింది. చేతులు వణుకుతున్నాయి. స్టెత్ చెవిలో పెట్టుకుని గాలి కొట్టి వదులుతూ వింది. ఆమె ముఖం మారింది.

అంకె ఎంతో నాకు ముందే తెలుసు. కొన్నాళ్లుగా నాకు నేనే చూసుకుంటున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ అంత బీపీ ఉంటే నెల రోజులు డ్యూటీ నుంచి తీసేస్తారు. రేపటి ఓడలో కొత్త బ్యాచ్ దిగుతోంది. యాకోబు ఒక్కడు వాళ్లకి ఏం నేర్పుతాడు, కంటినిండా నిద్రపోవడం తప్ప?

"నూట ముప్పై, ఎనభై అని చెప్పెయ్" అన్నాను మెల్లిగా.

"కాదు కదా మేడమ్."

"నీ చేతులు వణుకుతున్నాయి. నీకు సరిగ్గా వినపడి ఉండదు."

ఈ మాట నేనే అన్నాను. ఆ పిల్ల అన్నిటికంటే దేనికి భయపడుతుందో తెలిసి, పరీక్ష మధ్యలో, నా డ్యూటీ కోసం అన్నాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

 హంసవేణి కళ్లనిండా నీళ్లున్నాయి. పట్టీ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ గాలి కొట్టింది. మొదటిసారి కంటే నెమ్మదిగా వదిలింది. తర్వాత స్క్రీన్ వైపు తిరిగింది.

"నూట డెబ్బై ఎనిమిది, నూట నాలుగు" అంది. గొంతు వణికింది, అంకె మాత్రం సరిగ్గా చెప్పింది.

ఆ మాట భూమికి పోయి రావాలి. అందరం ఎదురుచూశాం. ఇదివరకు రెండుసార్లూ ఈ ఎదురుచూపులోనే ఆమె తన జవాబు మార్చుకుని తప్పు చెప్పింది. ఈసారి పెదవి కొరుక్కుని నిలబడింది.

"చేతులెందుకలా వణుకుతున్నాయి?" అని అడిగారు ఎగ్జామినర్ మేడమ్.

"బయమేస్తంది మేడమ్."

"రెండోసారి ఎందుకు చూశావు? మొదటిసారి నమ్మకం లేకనా?"

మాట పోయింది, తిరిగి వచ్చింది, హంసవేణి జవాబు చెప్పింది. "మొదటిసారే నమ్మకముంది మేడమ్. ఈవిడ ఒప్పుకోనేదు, అందుకని చూసినాను."

స్క్రీన్ మీద ఆవిడ పేపర్ మీద ఏదో రాసుకున్నారు. "పాస్," అన్నారు. "ఆ రోగి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా డ్యూటీ నుంచి తీసెయ్యండి."

పిల్లలు కేకలేశారు. దీవెన ఎగిరింది, సీలింగుకి తల తగిలింది. యాకోబు ఏడ్చాడు. ఏడుపు రాదన్నాడు కదా, ఇప్పుడు వాడి మీద నాకు కాస్త నమ్మకం కలిగింది.

నాకు కోపంగా ఉంది. నెల రోజులు డ్యూటీ లేదు. కొత్త బ్యాచ్‌కి నేను లేను. బెడ్‌పాన్ గురించి వాళ్లకి ఎవరేం చెబుతారో తలచుకుంటే ఇప్పుడే బీపీ ఇంకా పెరుగుతోంది. కానీ కోపం కింద ఇంకొకటి ఉంది, దాన్ని దాచిపెట్టే ఓపిక ఇవాళ లేదు. సంతోషంగా ఉంది. నేను నేర్పిన పిల్ల నా మాట వినలేదు. వినకుండా నా ప్రాణం కాపాడింది.

ఇందాక హంసవేణి యూనిఫాంలో వచ్చి మాత్ర చేతిలో పెట్టి నా పక్కనే నిలబడింది. నేను వేసుకునే దాకా కదలదని అర్థమైంది. నీళ్ల గ్లాసు బల్ల మీద ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఎవరినీ ఏదీ అడగకుండా లేచి తీసుకోవడం నాకు అలవాటు. ఇవాళ చెయ్యి చాపలేదు.

"సిస్టర్," అన్నాను, "కాస్త ఆ నీళ్లందిస్తారా?"